పత్తిచేల పల్లె నుంచి 408 గెలుపులు
ఒకే కాలేజీలో 57 ఏళ్ళు కోచ్‌గా పనిచేసిన ఎడ్డీ రాబిన్సన్

జీతం నెలకు 63 డాలర్ల 75 సెంట్లు. జీతమిచ్చి పెట్టిన సహాయకుడు ఒక్కడూ లేడు. మైదానంలో గడ్డి కోయడం, గీతలు గీయడం, ఆటగాళ్ళ కాళ్ళకు కట్లు కట్టడం, పొరుగూరు పోయేటప్పుడు తిండి కట్టించడం అన్నీ ఆయన పనులే. ఆట అయ్యాక పత్రికలకు వార్త రాసి పంపడం కూడా ఆయన వంతే. 1941లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఒక పల్లెటూరి కాలేజీలో 22 ఏళ్ళ ఎడ్డీ రాబిన్సన్ ఈ కొలువులో చేరారు.

1997లో 78 ఏళ్ళ వయసులో ఆయన ఆ కొలువు నుంచి దిగిపోయారు. మధ్యలో కాలేజీ మారలేదు, ఊరు మారలేదు. ఆయన జట్లు 408 ఆటలు గెలిచాయి, 165 ఓడాయి, 15 సమానమయ్యాయి. 200 మందికి పైగా ఆయన శిష్యులు డబ్బు తీసుకుని ఆడే పెద్ద లీగుల్లోకి వెళ్ళారు. నల్లజాతి పిల్లలను తెల్లవారి కాలేజీల గడప తొక్కనివ్వని రోజుల్లో, మారుమూల పల్లెలో మొదలైన కథ ఇది.

ఇది కాలితో తన్నే ఆట కాదు

మన ఊళ్ళలో ఫుట్‌బాల్ అంటే గుండ్రని బంతిని కాలితో తన్నే ఆట. అమెరికా వారు ఫుట్‌బాల్ అనే ఆట వేరు. బంతి కోలగా, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. దాన్ని చంకన పెట్టుకుని పరుగెత్తవచ్చు, చేత్తో విసరవచ్చు. మైదానం పొడవు 100 గజాలు. పక్షానికి 11 మంది ఆడతారు. బంతి చేతిలో ఉన్న పక్షానికి నాలుగు అవకాశాలుంటాయి. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు అవకాశాలు, పోలేకపోతే బంతి ఎదుటి పక్షానిది. అవతలి గీత దాటించగలిగితే ఆరు పాయింట్లు వస్తాయి. ఎదుటివారు మీదపడి పట్టి పడేస్తారు కాబట్టి, చూసేవారికి మన చెడుగుడు గుర్తుకు వస్తుంది. నెత్తికి శిరస్త్రాణం, భుజాలకు దిండ్లు లేకుండా ఎవరూ దిగరు.

ఈ ఆటలో అన్నిటికంటే ముఖ్యమైనవాడు క్వార్టర్‌బ్యాక్. ప్రతిసారీ బంతి మొదట అతని చేతికే వస్తుంది. ఎవరికి అందించాలో, ఎటు విసరాలో రెప్పపాటులో తేల్చేది అతడే. ఈ ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలి. రాబిన్సన్ సాధించిన పెద్ద పని ఒకటి దీనితోనే ముడిపడి ఉంది.

అమెరికాలో కాలేజీ జట్ల ఆటలకు జనం వేలల్లో వస్తారు. లీగుల్లో ఆడేవారు చాలావరకు ఈ కాలేజీల నుంచే పోతారు. అందుకని అక్కడ కాలేజీ కోచ్ అంటే సాయంత్రం ఈల ఊది పంపించే డ్రిల్లు మాస్టారు కాదు. కుర్రవాళ్ళను ఊరూరా తిరిగి ఏరి తెచ్చేదీ, తీర్చిదిద్దేదీ, పై మెట్టుకు పంపేదీ ఆయనే.

పాలికాపు కొడుకు

ఎడ్డీ గే రాబిన్సన్ 1919 ఫిబ్రవరి 13న లూసియానాలోని జాక్సన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి ఇతరుల పొలంలో పంట పాలికి పత్తి పండించేవాడు. తల్లి ఇళ్ళలో పనికి పోయేది. తర్వాత తల్లిదండ్రులు విడిపోయారు. పిల్లవాడు బేటన్ రూజ్ నగరంలో పెరిగాడు. అది ఆ రాష్ట్ర రాజధాని.

మూడో తరగతిలో ఉండగా హైస్కూలు కోచ్ జూలియస్ క్రాఫ్ట్ తన ఆటగాళ్ళను వెంటబెట్టుకుని ఆ బడికి వచ్చాడు. చక్కగా దుస్తులు వేసుకుని, మర్యాదగా మాట్లాడుతున్న ఆ పెద్ద పిల్లలనూ, వాళ్ళు మాస్టారును గౌరవించే తీరునూ చూసి కోచ్ కావాలని ఈ పసివాడు అప్పుడే తీర్మానించుకున్నాడు. మిగతా పిల్లలు ఆటగాళ్ళం అవుతామంటే, ఇతడు మాత్రం ఆడించేవాణ్ణి అవుతానన్నాడు.

ఆ ఊళ్ళోనే లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఉంది. దాని ఫుట్‌బాల్ జట్టుకు దేశమంతా పేరు. కానీ అందులో నల్లజాతి పిల్లలకు చోటు లేదు. 1970 దశకం మొదట్లో గానీ ఆ జట్టులో నల్లవాడు కనిపించలేదు. రాబిన్సన్ దగ్గరలోనే ఉన్న లీలాండ్ కాలేజీలో చేరాడు. అది నల్లవారి చిన్న కాలేజీ. అక్కడ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడుతూనే, కోచ్ రూబెన్ టర్నర్ దగ్గర కోచింగ్ మెళకువలు నేర్చుకున్నాడు. డిగ్రీ చేతికొచ్చినా వెంటనే ఉద్యోగం దొరకలేదు. దాణా మిల్లులో గంటకు 25 సెంట్ల కూలికి కుదిరాడు. 1941 జూన్‌లో చిన్ననాటి నుంచీ తెలిసిన డోరిస్‌ను పెళ్ళాడాడు.

ఉత్తరాన గ్రాంబ్లింగ్ అనే పల్లెలోని కాలేజీకి కోచ్ కావాలన్న కబురు అప్పుడే అందింది. పోయి కాలేజీ అధ్యక్షుడు రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ జోన్స్‌ను కలిశాడు. జోన్స్‌కు బేస్‌బాల్ అంటే ప్రాణం, ఆ జట్టును తానే ఆడించేవాడు. ఉద్యోగం ఖాయమైంది. మిల్లు కూలీ కోచ్ అయ్యాడు. ఆ జోన్స్ 1977 దాకా కాలేజీ అధ్యక్షుడుగా ఉన్నారు. ఇద్దరూ కలిసి 36 ఏళ్ళు నడిపారు.

రైతులు నిలబెట్టిన కాలేజీ

గ్రాంబ్లింగ్ కాలేజీ పుట్టుక కూడా చెప్పుకోదగ్గదే. అది సర్కారు పెట్టిన కాలేజీ కాదు. ఉత్తర లూసియానాలోని నల్లజాతి రైతులు 1896లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. తమ పిల్లలకు చదువు కావాలని, మాస్టారును పంపమని ప్రసిద్ధ విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్‌ను అడిగారు. ఆయన పంపిన ఛార్లెస్ పి. ఆడమ్స్ 1901లో పాఠశాల తెరిచారు. వ్యవసాయం, చేతిపనులు నేర్పేవారు. తర్వాత అది ప్రభుత్వం కిందకు వచ్చింది.

రాబిన్సన్ చేరేనాటికి దాని పేరు లూసియానా నీగ్రో నార్మల్ అండ్ ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్. పల్లెల బడులకు మాస్టర్లను తయారుచేయడం దాని పని. 1946లో గ్రాంబ్లింగ్ కాలేజీ అయింది, 1974లో యూనివర్సిటీ అయింది. చుట్టూ పైన్ చెట్ల అడవులు, పత్తి చేలు. ఇప్పటికీ గ్రాంబ్లింగ్ సుమారు 5 వేల మంది ఉండే చిన్న ఊరే.

గీత దాటనివ్వని జట్టు

మొదటి ఏడాది మూడు గెలిచి అయిదు ఓడారు. రాబిన్సన్ ఊరుకోలేదు. పనికిరాని వాళ్ళను తప్పించి కొత్తవాళ్ళను తెచ్చాడు. మరుసటి ఏడాది 1942లో ఆడిన 9 ఆటలూ గెలిచారు. గెలవడమే కాదు, ఆ తొమ్మిది ఆటల్లో ఎదుటివారికి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. కుర్రవాళ్ళు సైన్యంలోకి పోయారు. 1943, 1944లో కాలేజీ జట్టే లేదు. ఆ రెండేళ్ళు రాబిన్సన్ ఊరి హైస్కూలు జట్టును చూశారు. అప్పటి సంగతి ఒకటి ఆయన గురించి చెప్పేవారంతా తప్పకుండా చెబుతారు. జట్టులో అన్నదమ్ములిద్దరు గట్టి ఆటగాళ్ళు. పత్తి తీత రోజులొచ్చాయి. చేను మీద పత్తి ఉండగా ఆటలేమిటని తండ్రి వాళ్ళను మాన్పించాడు. రాబిన్సన్ ఆ తండ్రితో వాదానికి దిగలేదు. జట్టునంతా వెంటబెట్టుకుని చేలోకి పోయి, అందరితో కలిసి తానూ పత్తి తీశాడు. చేను ఖాళీ అయింది. పిల్లలు ఆటకు వచ్చారు. జట్టు ఛాంపియన్ అయింది.

పత్తి పండించే ఇంట పుట్టినవాడు కాబట్టి ఆ తండ్రి బాధ ఆయనకు తెలుసు. రైతు పిల్లవాణ్ణి మైదానానికి రప్పించాలంటే మొదట రైతు పని తెమలాలని ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

హోటల్లోకి రానివ్వరు

1964లో పౌరహక్కుల చట్టం వచ్చేదాకా అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవారికి అంతా వేరే. బస్సులో వెనక సీట్లు, నీళ్ళకు వేరే కుళాయి, పిల్లలకు వేరే బడి. తెల్లవారి హోటలు మెట్లెక్కడానికి వీల్లేదు. మన పల్లెల్లో వేరే గ్లాసు పెట్టిన రోజులు చూసినవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

గ్రాంబ్లింగ్ జట్టు పొరుగూళ్ళకు బస్సులో పోయేది. వందల మైళ్ళ ప్రయాణం. దారిలో తిండి పెట్టేవారుండరు. అందుకే బయలుదేరేముందు రొట్టెముక్కల మధ్య మాంసం పెట్టి మూటలు కట్టుకునేవారు. బలిష్ఠులైన కుర్రవాళ్ళు రోడ్డు పక్కన బస్సులోనే కూర్చుని తినేవారు. అలా తిన్నవాళ్ళే మరునాడు మైదానంలో దిగి గెలిచి వచ్చేవారు.

రాబిన్సన్ కోపం పైకి చూపేవారు కాదు. ఊరేగింపుల్లో, ఉద్యమాల్లో ముందు నిలబడలేదు. దేశాన్ని ఎన్నడూ తిట్టలేదు. మంచి పౌరులుగా బతకండి, అవకాశం వచ్చిన రోజున సిద్ధంగా ఉండండి అని పిల్లలకు చెప్పేవారు. ఇంత మెత్తదనం పనికిరాదని ఉడుకు రక్తం యువకులు కొందరు తప్పుపట్టారు. 1967లో గ్రాంబ్లింగ్ విద్యార్థులే సమ్మెకు దిగారు. కాలేజీ ఫుట్‌బాల్‌కిచ్చే ప్రాధాన్యం చదువుకు ఇవ్వడం లేదన్నది వాళ్ళ ఫిర్యాదు. ఆ గొడవ అణచడానికి నేషనల్ గార్డు బలగాలను పిలిపించారు. పేరుప్రతిష్ఠల మధ్య ఈ మాట కూడా పడాల్సి వచ్చింది.

ఆయన పై చదువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సొంత రాష్ట్రంలో పెద్ద యూనివర్సిటీ తలుపులు మూసి ఉండగా, ఉత్తరాన దూరంలో ఉన్న అయోవా యూనివర్సిటీకి పోయి 1954లో మాస్టర్స్ డిగ్రీ తెచ్చుకున్నారు.

మొదటి ద్వారం తెరిచిన పాల్ యంగర్

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అనేది ఆ దేశంలో పెద్ద లీగు. 1934 నుంచి 1945 వరకు అందులో నల్లవాడన్నవాడు లేడు. 1946లో నల్లవారిని మళ్ళీ తీసుకున్నా, వాళ్ళు తెల్లవారి కాలేజీల్లో చదివినవారే. నల్లవారి కాలేజీల్లో ఆడేదీ ఒక ఆటేనా అని లీగువారి ధీమా.

గ్రాంబ్లింగ్‌లో పుట్టిన పాల్ యంగర్ అనే కుర్రవాడుండేవాడు. ఎదురొచ్చినవాణ్ణి తొక్కుకుంటూ పోతాడని ట్యాంక్ అని పేరు పెట్టారు. 1949లో లాస్ ఏంజిలిస్ రామ్స్ జట్టు అతణ్ణి తీసుకుంది. నల్లవారి కాలేజీ నుంచి ఆ లీగులోకి వెళ్ళిన మొదటివాడు అతడే. నువ్వు విఫలమైతే నీ వెనక మరొకరికి పిలుపు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు సుమా అని రాబిన్సన్ హెచ్చరించి పంపారు. యంగర్ పది సీజన్లు ఆడాడు. 1951లో ఛాంపియన్ అయిన జట్టులో ఉన్నాడు.

ఆ ద్వారం మళ్ళీ మూసుకోలేదు. విల్లీ డేవిస్, విల్లీ బ్రౌన్, బక్ బుకానన్, ఛార్లీ జాయ్‌నర్ అనే నలుగురు గ్రాంబ్లింగ్ శిష్యులు ఫుట్‌బాల్ క్రీడా మహనీయుల జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కారు. 1963 సీజను కోసం అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఆటగాళ్ళను ఎంచుకున్నప్పుడు దేశం మొత్తం మీద మొట్టమొదట పిలిచిన పేరు బుకానన్‌ది. అప్పటికి నల్లవారి కాలేజీ కుర్రవాడికి అటువంటి గౌరవం ఎన్నడూ దక్కలేదు. డేవిస్ ఆడుతూనే చదివి 1968లో షికాగో యూనివర్సిటీ నుంచి వ్యాపార నిర్వహణలో మాస్టర్స్ డిగ్రీ తీసుకున్నాడు. తర్వాత పెద్ద వ్యాపారి అయ్యాడు. ఆటగాడి కంటే ఇటువంటి శిష్యుణ్ణి చూసి రాబిన్సన్ ఎక్కువ సంబరపడేవారు.

తెల్లవారకముందే గంట

హాస్టలు పిల్లలకు రాబిన్సన్ అంటే మొదట గుర్తుకొచ్చేది ఆయన చేతి గంట. పశువుల మెడలో కట్టే గంట అది. తెల్లవారీ తెల్లవారకముందే హాస్టలు వరండాలో ఆ గంట వాయించుకుంటూ తిరిగేవారు. లేవండి, క్లాసులకు పొండి అని ఆయన కేక వేశాక ఏ గదిలోనూ నిద్రపట్టేది కాదు. ఆదివారం చర్చికి పొమ్మని మళ్ళీ గంట.

ప్రయాణాల్లో కోటు, టై ఉండాల్సిందే. భోజనాల దగ్గర కత్తి, ఫోర్కు ఎలా పట్టుకోవాలో నేర్పేవారు. పెద్దలతో, పత్రికలవారితో ఎలా మాట్లాడాలో కూర్చోబెట్టి చెప్పేవారు. చేరేవాళ్ళలో చాలామంది పాలికాపుల పిల్లలు, మిల్లు కూలీల పిల్లలు. ఆట ఎలాగూ వస్తుంది, నలుగురిలో నిలబడడం రావాలన్నది ఆయన లెక్క.

పిల్లవాణ్ణి కాలేజీకి అడగడానికి పోయినప్పుడు ముందు తల్లితో కూర్చుని మాట్లాడేవారు. మీవాడు పెద్ద ఆటగాడవుతాడని మాట ఇవ్వలేను, చదువు, చర్చి మాత్రం తప్పనివ్వను అని ఆ తల్లులకు నచ్చజెప్పేవారు. ఆ మాట పట్టుకునే చాలామంది తల్లులు బిడ్డలను అప్పగించారు.

మైదానంలో ఆయన గురించి చెప్పుకునేది ఓపిక. ఒకే ఎత్తును తప్పు లేకుండా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేయించేవారు. చీకటిపడినా వదిలేవారు కాదు. ఎత్తులు మాత్రం పదుల సంఖ్యలో ఉండేవి కావు. ఉన్న కొద్దిపాటివే నిద్రలో లేపి అడిగినా చేయగలిగేటట్టు రుద్దేవారు.

పల్లె పేరు దేశమంతా

1960 నుంచి 1986 వరకు వరసగా 27 ఏళ్ళు ఓటముల కంటే గెలుపులే ఎక్కువ. మొత్తం మీద అటువంటి సీజన్లు 45. తమ కాన్ఫరెన్సులో 17 సార్లు, దేశంలోని నల్లవారి కాలేజీలన్నిటిలో 9 సార్లు ఛాంపియన్లయ్యారు.

1968లో న్యూయార్కులోని యాంకీ స్టేడియంలో గ్రాంబ్లింగ్, మోర్గాన్ స్టేట్ జట్లు తలపడితే 60 వేల మందికి పైగా జనం వచ్చారు. గ్రాంబ్లింగ్ 9-7 తేడాతో ఓడినా, నల్లవారి కాలేజీల ఆటకు ఇంత జనం వస్తారా అని దేశం ఆశ్చర్యపోయింది. 1976లో ఆ రెండు జట్లే జపాన్ రాజధాని టోక్యోలో ఆడాయి. ఆట విరామంలో వాయించే గ్రాంబ్లింగ్ బ్యాండు మేళానికీ అంతే పేరు. 1967లో మొట్టమొదటి సూపర్ బౌల్ విరామంలో వాయించిన వారిలో ఆ పల్లెటూరి కుర్రవాళ్ళున్నారు.

క్వార్టర్‌బ్యాక్ పందెం

లీగులోకి నల్లవాళ్ళు వెళ్ళినా క్వార్టర్‌బ్యాక్ స్థానం మాత్రం వాళ్ళకు దక్కేది కాదు. నల్లవాడు పరుగెత్తగలడు, పడగొట్టగలడు, జట్టును నడిపే బుర్ర మాత్రం లేదని యజమానుల నమ్మకం. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా వెలిగినవాణ్ణి కూడా లీగులో వేరే స్థానానికి మార్చేవారు.

ఈ మాట తప్పని చూపాలని రాబిన్సన్ పంతం పట్టారు. జేమ్స్ హారిస్ అనే కుర్రవాణ్ణి తీసుకొచ్చి, లీగులో క్వార్టర్‌బ్యాక్‌గా తప్ప మరో స్థానంలో ఆడవద్దని చెప్పి నాలుగేళ్ళు తయారుచేశారు. 1969లో బఫెలో బిల్స్ జట్టు సీజను మొదటి ఆటలోనే హారిస్‌ను క్వార్టర్‌బ్యాక్‌గా దించింది. సీజను ఆరంభంలో అలా దిగిన మొదటి నల్లవాడు అతడు.

తర్వాత వంతు డగ్ విలియమ్స్‌ది. 1978లో టాంపా బే జట్టు అతణ్ణి మొదటి విడతలోనే ఎంచుకుంది. పదేళ్ళలో ఎన్నో ఎత్తుపల్లాలు చూశాడు. 1988 జనవరి 31న శాన్ డియాగోలో జరిగిన సూపర్ బౌల్‌లో వాషింగ్టన్ జట్టుకు విలియమ్స్ క్వార్టర్‌బ్యాక్. మొదట డెన్వర్ జట్టు 10 పాయింట్లు చేసి ముందుకు పోయింది. రెండో అంకంలో విలియమ్స్ చేతి నుంచి వెళ్ళిన బంతులు నాలుగు సార్లు గీత దాటాయి. ఆట ముగిసేసరికి 42-10. ఉత్తమ ఆటగాడి బహుమతి విలియమ్స్‌కే. సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అతడే. 68 ఏళ్ళ గురువు ఆ స్టేడియంలోనే ఉన్నారు. ఆట అయ్యాక శిష్యుణ్ణి కౌగిలించుకున్నారు. నల్లవాడికి బుర్ర లేదన్న మాటకు ఆ సాయంత్రం జవాబు దొరికింది.

గెలుపుల లెక్క, గెలుపు విలువ

1985 అక్టోబర్ 5న డల్లాస్‌లోని కాటన్ బౌల్ మైదానంలో గ్రాంబ్లింగ్ 27-7 తేడాతో ప్రెయిరీ వ్యూ జట్టును ఓడించింది. అది రాబిన్సన్ 324వ గెలుపు. అంతవరకు అలబామా కోచ్‌గా ప్రసిద్ధుడైన బేర్ బ్రయంట్ పేర ఉన్న 323 గెలుపుల రికార్డు చెరిగిపోయింది.

ఆ రోజుల్లో కొందరు ఒక మాటన్నారు. రాబిన్సన్ గెలిచింది చిన్న కాలేజీల మీదే కదా, బ్రయంట్ గెలుపులతో వాటిని తూచడం ఏమిటని. నిజానికి ఎవరితో ఆడాలన్నది రాబిన్సన్ చేతిలో లేదు. దశాబ్దాల పాటు దక్షిణాది తెల్లవారి కాలేజీలు నల్లవారి జట్లతో ఆడనే లేదు. పిలవని పందెంలో గెలవలేదని ఎత్తిపొడవడం న్యాయం కాదు. పోటీ గట్టిదో కాదో ఆయన శిష్యులు లీగులో చూపించారు.

400వ గెలుపు 1995 అక్టోబర్ 7న వచ్చింది. మిసిసిపీ వ్యాలీ స్టేట్ మీద 42-6. ఇటువంటి సంఖ్యను అంతకుముందు కాలేజీ కోచ్ ఎవరూ చేరుకోలేదు. ఆ తర్వాత మొత్తం గెలుపుల్లో మినెసోటా రాష్ట్రంలోని సెయింట్ జాన్స్ కాలేజీ కోచ్ జాన్ గాగ్లియార్డి 2003లో ఆయనను దాటారు. పై తరగతి పోటీల్లో పెన్ స్టేట్ కోచ్ జో పటర్నో 409 గెలుపులతో ఒక్క మెట్టు పైనున్నారు.

తలుపులు తెరుచుకోగా వచ్చిన తంటా

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. రాబిన్సన్ జీవితమంతా కోరుకున్నది నల్లపిల్లలకు అన్ని తలుపులూ తెరుచుకోవాలని. 1970 దశకంలో తెరుచుకున్నాయి. అప్పటిదాకా నల్లవాళ్ళను రానివ్వని పెద్ద యూనివర్సిటీలు ఇప్పుడు వాళ్ళ ఇళ్ళ ముందు వరసకట్టాయి. పెద్ద స్టేడియాలు, టెలివిజన్, సదుపాయాలు చూసి మెరికల్లాంటి కుర్రవాళ్ళు అటు పోయారు. గ్రాంబ్లింగ్ వంటి కాలేజీలకు మిగిలినవాళ్ళే దక్కారు. ఊరికి పెద్ద రోడ్డు పడితే సంత పట్నానికి పోయినట్టయింది. అయినా రాబిన్సన్ ఆ తలుపులు మూసుకోవాలని ఎన్నడూ కోరలేదు.

ఆయన చివరి మూడేళ్ళు కష్టంగా నడిచాయి. 1995లో అయిదు గెలిచి ఆరు ఓడారు. 1996లో మూడు గెలిచి ఎనిమిది ఓడారు. ముసలాయన దిగిపోతే మంచిదన్న మాట కాలేజీలోనే పుట్టింది. ఆ వార్త బయటికి పొక్కగానే దేశం నలుమూలల నుంచి అభిమానులు, పాత శిష్యులు లేచారు. ఆయనకు మరో ఏడాది ఇచ్చారు. 1997లో మళ్ళీ మూడే గెలుపులు. ఊరూరా సన్మానాలు మాత్రం జరిగాయి. నవంబర్ 29న న్యూ ఆర్లీన్స్‌లో సదరన్ యూనివర్సిటీతో ఆడిన చివరి ఆటలో 30-7 తేడాతో ఓడి ఆయన సెలవు తీసుకున్నారు.

ఎప్పుడు దిగాలన్నది పెద్దవాళ్ళకు ఎప్పుడూ చిక్కు ప్రశ్నే. పదేళ్ళ ముందు దిగి ఉంటే చివరి ఓటములు లెక్కలో ఉండేవి కావు, 400 కూడా ఉండేది కాదు. ఏది మేలో అక్కడివాళ్ళు ఒక్కమాటగా చెప్పలేకపోయారు. ఆయన స్థానంలో 1998లో కోచ్‌గా వచ్చినవాడు మాత్రం పరాయివాడు కాదు. సూపర్ బౌల్ గెలిచిన డగ్ విలియమ్సే.

చివరి ప్రయాణం

కొలువు దిగాక కొన్నాళ్ళకే మతిమరుపు జబ్బు అల్జీమర్స్ పట్టుకుంది. వందల మంది కుర్రవాళ్ళ పేర్లు, ఊర్లు, తల్లుల పేర్లు నోటికి చెప్పిన మనిషికి జ్ఞాపకాలు జారిపోయాయి. డోరిస్ దగ్గరుండి చూసుకున్నారు. తన అసలు రికార్డు గెలుపులు కాదని, ఒకే ఉద్యోగం, ఒకే భార్య అని ఆయన ఎప్పుడూ చెప్పుకునేవారు. వారి కాపురం 65 ఏళ్ళు దాటింది.

2007 ఏప్రిల్ 3న గ్రాంబ్లింగ్ పక్కనే ఉన్న రస్టన్ పట్నంలో రాబిన్సన్ కన్నుమూశారు. వయసు 88. భౌతికకాయాన్ని బేటన్ రూజ్‌లోని రాష్ట్ర శాసనసభ భవనంలో ప్రజల దర్శనానికి ఉంచారు. పాలికాపు కొడుకుగా పెరిగి, పెద్ద యూనివర్సిటీ గడప తొక్కలేక, దాణా మిల్లులో మూటలు మోసిన నగరం అదే. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు వరసలో నిలబడి దణ్ణం పెట్టుకుని పోయారు. తర్వాత గ్రాంబ్లింగ్‌కు తెచ్చి అక్కడే ఖననం చేశారు.

కాలేజీలో 1983లో కట్టిన స్టేడియానికి ఆయన పేరే ఉంది. 2010 ఫిబ్రవరి 13న, ఆయన పుట్టినరోజున, ఆ ఊళ్ళోనే ఆయన పేర మ్యూజియం తెరిచారు. 1987 నుంచి ఏటా ఒక మంచి కాలేజీ కోచ్‌కు ఆయన పేరు మీద అవార్డు ఇస్తున్నారు.

ఆటలాడితే పిల్లవాడు చెడిపోతాడని మన ఊళ్ళలో చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయంలో నిజం లేకపోలేదు. ఆట ఒక్కటే నేర్పి వదిలేసే మాస్టారు చేతిలో పడితే పిల్లవాడు అటూ ఇటూ కాకుండా పోతాడు. గ్రాంబ్లింగ్‌లో ఆ భయం తీరింది ఎందుకంటే, సాయంత్రం మైదానంలో నిలబడిన మనిషే పొద్దున్నే గంట పట్టుకుని క్లాసుకు తరిమేవాడు. లీగుల్లోకి పోయినవాళ్ళు 200 మందికి పైగా. అటు పోకుండా డిగ్రీ చేతపట్టుకుని మాస్టర్లుగా, కోచ్‌లుగా, ఉద్యోగులుగా స్థిరపడినవాళ్ళు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పత్తిచేలో పని తెమిలాకే పిల్లలను ఆటకు తీసుకుపోయిన కోచ్, ఆటతోపాటు వాళ్ళ బతుకునూ తెమిల్చి పంపాడు.